నొప్పులమ్మ చెప్పిన అంకె

వైకల్య మండలిలో విచారణ జరిగి పద్నాలుగు రోజులైంది. ఇరవై ఒక్క రోజుల్లోగా తీర్పు ఫోనుకే వస్తుందని మండలివాళ్ళు చెప్పి పంపారు. అప్పటినుంచి నీలవేణి ఫోను మోగిన ప్రతిసారీ ఆ ఇంట్లో పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూనే ఉంది.

మోగేది తీర్పు కాదు. రీచార్జి అయిపోవచ్చిందని ఒకడు, చీరల మీద తగ్గింపని ఇంకొకడు. అయినా ఆమె గరిటె వదిలేసి, గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ముందుగదిలోకి పరిగెత్తేది. పరుగంటే మన పరుగు కాదు, ఆవిడ పరుగు. మొగుడు కూర్మారావు ఆటో నడుపుతాడు. బేరం మధ్యలోనైనా సరే బండి పక్కకాపి ఫోను చేసేవాడు.

“ఏటే, వొచ్చినాదా?”

“నేదు మావా.”

“వొస్తాది. నాకు కుడికన్ను అదురుతున్నాది.”

“పొద్దున్న ఎడంకన్నన్నావు.”

“రెండూ అదురుతున్నాయే! పెద్ద కబురే వొస్తాది.”

నీలవేణికి నవ్వొచ్చేది. నవ్వితే నడుములో కలుక్కుమనేది. అయినా ఆ పద్నాలుగు రోజులూ ఆమె నవ్వుతూనే ఉంది. వీధిలోవాళ్ళు కూడా పెళ్ళిచూపుల ఫలితం అడిగినట్టు వచ్చి అడిగిపోతున్నారు.

ఆమె పదిహేనో ఏట పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. వెనక ఆసరా లేని బల్ల, ఎదురుగా కాలితో తొక్కే కత్తిమర. వంగి కూర్చుని రోజంతా జీడిపిక్కల పెంకు పగలగొట్టాలి. ఇరవై తొమ్మిదేళ్ళు అదే బల్ల. నడుములో పుట్టిన నొప్పి తుంటిలోకి, తొడలోకి, చివరికి మడమదాకా దిగింది. వైకల్య పత్రం కోసం రెండుసార్లు మండలికి వెళ్ళింది. మండలి అధ్యక్షుడు డాక్టర్ పాణిగ్రాహి రెండుసార్లూ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. “ఎముకలన్నీ బాగానే ఉన్నాయమ్మా. ఇందులో నాకేమీ కనిపించడం లేదు” అన్నాడు. కసిరి అనలేదు, మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

పత్రం వస్తే నెలనెలా భృతి వస్తుంది, బల్ల తప్పుతుంది. రాకపోతే ఒకటో తారీఖున సెలవు అయిపోతుంది, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. అది ఒక భయం. ఎవరికీ చెప్పుకోనిది ఇంకొకటుంది. అంత చదువుకున్నాయన లేదంటుంటే, ఒకవేళ నిజంగానే లేదేమో, నేనే కల్పించుకుని కుంటుతున్నానేమో అని ఆమెకు అనుమానం పట్టుకుంది. మొగుడు చూడకుండా గదిలో మామూలుగా నడిచి చూసుకునేది. రెండడుగులు వేసి మంచంకోడు పట్టుకునేది. పట్టుకున్నాక కూడా, ఇది నిజమేనా అని తనను తానే అడిగేది.

సరిగ్గా అప్పుడే నొప్పిని కొలిచే మర ఒకటి ఉందని తెలిసి మూడోసారి దరఖాస్తు పెట్టింది.

మండలి కార్యాలయం పైఅంతస్తులో కౌముది అని ముప్పై ఏళ్ళ శాస్త్రవేత్త దాన్ని తయారుచేసింది. మాట్లాడుతున్నప్పుడు ఒకచోట నిలవలేని పిల్ల. నీలవేణి నడుముకు ఒక పట్టీ కట్టి, మెడ వెనక బొట్టుబిళ్ళంత పలక ఒకటి అంటించింది.

“ఒళ్ళు మెదడుకు ఏం చెబుతోందో ఈ పట్టీ మూడు రోజులపాటు విని డబ్బీలో దాచుకుంటుందండీ. దాన్ని ఇంకొకరికి కడితే, ఆ కాసేపూ వాళ్ళ ఒంటి మాట ఆగిపోయి మీ ఒంటి మాట వినిపిస్తుంది. మీ నొప్పి వాళ్ళు పడతారన్న మాట! మీరు మాత్రం ఎప్పటిలాగే ఉండండి.”

ఎప్పటిలాగే ఉండనిస్తే కూర్మారావు ఎందుకవుతాడు? “ఒలే, ఆ బియ్యం బస్తా జరుపు. రెండు బిందెలు మొయ్యి. గట్టిగా పడాలే!” అని వెంటపడ్డాడు.

“తప్పు మావా. అవతల తొడుక్కునేది ఎవులి బిడ్డో ఏటో” అంది నీలవేణి. ఆ మూడు రోజులూ ఆమె మామూలుకన్నా జాగ్రత్తగా కూర్చుంది, జాగ్రత్తగా లేచింది. తన నొప్పిని ఇంకో ఆడదాని మీదికి పంపుతున్నానని సిగ్గుపడింది.

మర గీత గీసి చూపిస్తుంది గానీ, ఆ గీత ఎంత బాధో చెప్పలేదు. అది మనిషే చెప్పాలి. మొదట్లో మండలి సభ్యులే తొడుక్కునేవారు. నెల తిరక్కుండా ఒకాయన కుర్చీలోంచి పడిపోయాడు, ఇంకొకాయన సెలవు పెట్టి మళ్ళీ రాలేదు. దాంతో ఆ పని కోసమే ఒక ఉద్యోగం సృష్టించారు. కాగితాల మీద దాని పేరు ‘అనుభోక్త’. జనం ఆవిడకు నొప్పులమ్మ అని పేరు పెట్టుకున్నారు. మూడు రోజుల నొప్పినీ మర పావుగంటకు కుదించి ఇస్తే, ఆవిడ తొడుక్కుని నూటికి ఎంతో చెబుతుంది. నలభై దాటితే పత్రం.

అందుకే నీలవేణికి ఆ ఉత్సాహం. ఈపాటికి తొడుక్కుని ఉంటుందా? అమ్మో అనుకుని ఉంటుందా? పొద్దున్న మంచం దిగే చోటు వచ్చిందా? ఇన్నేళ్ళకు ప్రపంచంలో ఒక్క మనిషి, పేరైనా తెలియని మనిషి, తన ఒంట్లోకి వచ్చి చూసి వెళుతుంది.

పద్నాలుగో రోజు పదకొండు గంటలకు ఫోను మోగింది. కౌముది.

“నీలవేణిగారూ, ఇది తీర్పు కాదండీ. నేను చెప్పకూడదు కూడా. మీ అంకె వచ్చింది. ఒకసారి పైకి రాగలరా?”

“ఎంతమ్మా?”

“మూడు.”

“ముప్పయ్యా?”

“మూడండీ.”

పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఈసారి దాన్ని దించడానికి కూడా ఎవరూ వెళ్ళలేదు.

కూర్మారావు ఆటోను గుంతల్లోంచి నడుపుతూ దారి పొడవునా నొప్పులమ్మను తిట్టాడు. “దానికి కళ్ళు నేవా? ఒల్లు నేదా? మొద్దు మొకంది!” నీలవేణి చెవిలో ఒకటే మాట. మూడు. నిజంగానే లేదేమోనన్న అనుమానం మళ్ళీ వచ్చి పక్కనే కూర్చుంది. దాని వెనకే ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. మొదటిసారి ఆమె ఎవరి మీదికో వెళ్ళి నిలదీయాలనుకుంది.

కౌముది మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళి తెర మీద గీత చూపించింది. అది లేచి, లేచి, తెర పైఅంచు తాకి, అక్కడే నడిచింది.

“మర ఇంత చూపిస్తుంటే ఆవిడ మూడంటోంది. ఏడు నెలలుగా ఎవరికీ పది దాటించలేదండీ. వచ్చేవాళ్ళంతా నటిస్తున్నారని మండలివాళ్ళు నమ్మేశారు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను. మీ గీత చూశాక నమ్మబుద్ధి కాలేదు.”

“ఆవిడ్ని పిలువమ్మా. నాను అడుగుతాను.”

గోడవార చాప మీద కూర్చున్న ఒక ముసలావిడ ఆ మాట విని లేచింది. అరవై దాటిన మనిషి, పేరు తవిటమ్మ. ఎడమ అరచెయ్యి నేలకానించి, కుడిచెయ్యి మోకాలి మీద మోపి, ఒక క్షణం ఆగి, ఊపిరి వదిలి, అప్పుడు లేచింది. లేచాక మొదటి రెండడుగులూ పక్కకు వేసి, ఆ తర్వాత తిన్నగా నడిచింది.

నీలవేణి కోపం నోట్లోనే ఉండిపోయింది. ఆ లేవడం తనకు తెలుసు. తన బల్ల పక్క బల్లవాళ్ళంతా సాయంత్రం అలాగే లేస్తారు. ఆవిడ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళ కొసలు జీడినూనెకు నల్లబడి, గీతలు చెరిగిపోయి నున్నగా ఉన్నాయి.

“ఎన్నేళ్ళు కూకున్నావప్పా?”

“ముప్పయ్యొకటి. మరి ఒగ్గేసినాను. ఇక్కడైతే సల్లగుంతాది, కుర్సీ కూడా ఏస్తారు” అంది తవిటమ్మ సంతోషంగా.

“నాది తొడుక్కున్నావు గదా. ఏటనిపించినాది?”

తవిటమ్మ నిజాయతీగా ఆలోచించింది. “ఏటనిపిస్తాదమ్మీ? ఏటీ నేదు. పొద్దున్న మంచం దిగినప్పుడు కాసింత పట్టినాది. అందరికీ పడతాది గదా. అది నొప్పేటి? అది ఒల్లు.”

కౌముది తల పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది.

“మేమే చేశాం” అంది. “ఈ ఉద్యోగానికి నలభై మంది వచ్చారు. పరీక్షకు ఒక నొప్పి తొడిగాం. రెండు నిమిషాలు దాటి ఎవరూ కూర్చోలేకపోయారు. ఈవిడొక్కరే పావుగంటా కూర్చుని, అయిపోయిందా అమ్మా అని అడిగారు. మేం ఎగిరి గంతేసి, ఇలాంటి మనిషే కావాలని తీసుకున్నాం. ఎలా కూర్చోగలిగారని ఒక్కరమూ అడగలేదు.”

నీలవేణికి అప్పుడు తట్టింది.

“అమ్మా, ఈ పట్టీ కడితే సొంత ఒంటి మాట ఆగిపోతాదన్నావు గదా?”

“అవును.”

“నొప్పి నేని మనిసిది కడితే?”

కౌముది బల్ల మీదినుంచి దూకింది. అంతవరకూ ఎవరూ చెయ్యని పని అది. నొప్పిని కొలిచేచోట నొప్పి లేని ఒళ్ళు ఎవరికి కావాలి? మర సరిచూసుకోవడానికి ఎప్పుడో తన ఒళ్ళే దాచిన డబ్బీ ఒకటి ఉందంది. మూడు సొరుగులు లాగి, కాగితాలన్నీ నేల మీద పోసి, దాన్ని పట్టుకుంది. తవిటమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు పట్టీ కట్టి మీట నొక్కింది.

తవిటమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

“ఓలమ్మో, ఒల్లేటైపోనాది? నా ఒల్లేదీ?”

“ఏమైంది పెద్దమ్మా?”

“కనపడ్డం నేదు!”

మెల్లగా లేచింది. చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది గానీ, అక్కడ దానికి పనిలేకపోయింది. తిన్నగా నిలబడింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. గభాల్న నేల మీద కూర్చుంది, గభాల్న లేచింది. నవ్వుతూ మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. “పెద్దమ్మా, మెల్లగా, మీ కీళ్ళు అవే కదా” అని కౌముది మొత్తుకుంటున్నా వినకుండా తలుపు తీసుకుని మెట్లు దిగింది. ఆగకుండా ఎక్కింది. కూర్మారావు వెర్రిగా చప్పట్లు కొట్టాడు. నీలవేణి గోడకానుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది ఎప్పుడో తనకే తెలియలేదు.

“మీరందరూ రోజూ ఇలగే ఉంతారేటి?” అని అడిగింది తవిటమ్మ కౌముదిని. “ఇలగే తిరుగుతారా? ఇలగే పడుకుంతారా?”

కౌముది తలూపింది.

పావుగంట అయింది. మర దానంతటదే ఆగింది. తవిటమ్మ ఉన్నచోటే ఒంగిపోయింది. నీలవేణి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

“సూపించకపోయినా బాగున్ను” అంది తవిటమ్మ. “ఇన్నాళ్ళూ ఇది ఒల్లనుకున్నాను. ఇప్పుడిది నొప్పైపోనాది. మరి తిరిగి ఒల్లవదు గదా.” తర్వాత నీలవేణి చెయ్యి పట్టుకుంది. “నూట అరవై మందివి తొడుక్కున్నానమ్మీ. అందరికీ మూడూ నాలుగూ సెప్పినాను. ఆలందరూ తిరిగెల్లి కూకున్నారు గదా. నా నోరు పడిపోను.”

“నీ తప్పు కాదప్పా” అంది నీలవేణి. ఆవిడ ఊరుకోలేదు. ఊరుకోగలిగే మాట కాదది.

పాణిగ్రాహి పైకి వచ్చాడు. అంతా విన్నాడు. నిదానస్తుడు, నిబంధన దాటని మనిషి.

“ఈవిడ చెప్పిన అంకెలన్నీ కొట్టేయాల్సిందే. కొత్త అనుభోక్తను చూడండి.”

“దొరకరండీ” అంది కౌముది. “పావుగంటా కూర్చోగలిగినవాళ్ళు చెప్పలేరు. చెప్పగలిగినవాళ్ళు కూర్చోలేరు.”

“అయితే నిబంధన ఏమంటోంది?”

కౌముది పుస్తకం తీసి ఆయన ముందే పెట్టింది. అనుభోక్త లేనప్పుడు మండలి అధ్యక్షుడే ధరించాలి. పావుగంట పూర్తయితేనే అంకె చెల్లుతుంది. ఆ నిబంధన రాసినవాళ్ళలో ఆయనొకడు. కింద సంతకం కూడా ఆయనదే. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“రేపు పది గంటలకు” అన్నాడు.

ఆ కబురు ఫ్యాక్టరీకి ఎలా చేరిందో గానీ (కూర్మారావు నోరుండగా ఎలా చేరిందని అడగడమేమిటి?) మర్నాడు తొమ్మిదిన్నరకే మండలి వరండా నిండిపోయింది. కూర్మారావు ఆటోలో ఒక్కో విడతకు తొమ్మిదిమందిని తెచ్చి దించాడు. కిటికీల నిండా ఆడవాళ్ళ మొహాలు. తవిటమ్మ కూడా వచ్చింది. ఆమె నడుముకు రాత్రే కట్టిన పట్టీ ఉంది. తన కోసం తాను పెట్టుకున్న మొదటి దరఖాస్తు అది.

పాణిగ్రాహి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. కౌముది పట్టీ కట్టి మీట నొక్కింది.

మొదటి నిమిషంలో ఆయన మొహం ఎర్రబడింది. రెండో నిమిషంలో తెల్లబడింది. మూడో నిమిషానికి పళ్ళు బిగించి, కుర్చీ చేతులు విరిగేలా పట్టుకుని, “ఆపండి” అనబోయాడు. ఆపితే అంకె చెల్లదు. తీర్పు అక్కడే చచ్చిపోతుంది. నీలవేణి గోడ వదిలేసి, తన పరుగుతో వెళ్ళి, తెర మీద నడిచే తన గీత కనబడేలా ఆయన పక్కన నిలబడింది.

“బాబూ, పళ్ళు బిగించకండి. బిగిస్తే దానికి బలం. నోరు తెరవండి. ఊపిరి ఒగ్గీయండి. ఇంకా, ఇంకా ఒగ్గీయండి.”

ఆయన వదిలాడు.

“అది వొస్తుంటే ఎదురెల్లకండి. పోనీండి. పోయి మడమ కాడ ఆగుతాది. ఆగినాదా?”

ఆయన తలూపాడు.

“ఇప్పుడు కాసింతసేపు ఏటీ ఉండదు. నీల్లు తాగండి. తరవాత నాను మంచం దిగుతాను. అది మట్టుకు గట్టిగుంతాది. నాను సెప్తాను, అప్పుడు నా సెయ్యి పట్టుకోండి.”

రెండుసార్లు తనను వెనక్కి పంపిన మనిషి నల్లబడిన ఆమె వేళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెప్పింది, ఆయన పట్టుకున్నాడు, అది వచ్చింది, పోయింది. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. కౌముది గోళ్ళు కొరుకుతూ తెరనీ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తోంది. పదో నిమిషం, పన్నెండు, పద్నాలుగు. మర ఆగింది.

కౌముది పాణిగ్రాహి నడుముకున్న పట్టీ విప్పింది.

“ఎనభై ఆరు” అన్నాడు. “రాసుకోండి. ఎనభై ఆరు.” తర్వాత ఆమెవైపు తిరిగాడు. “నాకైతే ఇప్పుడు తీసేశారమ్మా” అన్నాడు.

నీలవేణి ఆ అంకె వినలేదు. ఆమెకు కావలసింది వేరే ఉంది.

“ఉన్నాదా బాబూ? నిజంగానే ఉన్నాదా?”

“ఉందమ్మా” అన్నాడాయన. “ఉంది.”

“ఏటన్నాడే?” అని కిటికీలోంచి కూర్మారావు కేకేశాడు.

“ఉన్నాదంట!” అని అరిచింది నీలవేణి. “ఉన్నాదంట మావా!”

వరండా గొల్లుమంది. ఈలలు, కేకలు, ఒకరినొకరు పట్టుకుని ఊపుకోవడాలు. నొప్పి ఉందని తేలినందుకు మనుషులు అంతలా సంబరపడతారని కౌముది తన మర తయారుచేసిన రోజున అనుకోలేదు. పాణిగ్రాహి అక్కడికక్కడే పత్రం మీద సంతకం పెట్టాడు. నీలవేణి పత్రాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆరని సిరా చెదరకుండా ఊదుకుంటూ బయటికొచ్చింది. ఇక ఆ బల్ల ఎవరిదో గానీ తనది కాదు.

తవిటమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది, చెయ్యి మోకాలి మీద మోపుకుని.

“ఎల్లుండికి నాదీ అయిపోతాదమ్మీ” అంది. “నీది నువ్వు దగ్గరుండి దాటించినావు. నాది ఆ బాబు ఎలగ మోస్తాడు? ఆ కుర్సీ పక్కన ఎవులుంటారు?”

నీలవేణి పత్రం మడిచి రవికెలో పెట్టుకుంది. గోడ పట్టుకుని, మెల్లగా, ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది.

“నానుంటాను గదప్పా. నీది ఏ కాలో సెప్పు.”